ముందు ఫొటో, తర్వాతే స్క్రూడ్రైవర్

మా పాత కంప్యూటర్‌కి ఎస్‌ఎస్‌డీ వేయడానికి ఈ వారం వచ్చిన కుర్రాడు నాకు తెగ నచ్చాడు. క్యాబినెట్ మీద చెయ్యి వేయకముందే మిషన్ ఆన్ చేసి, డిలీట్ కీ టకటకా నొక్కి బయోస్‌లోకి వెళ్లాడు. ఒక్కో పేజీ తిప్పుతూ ఫోన్‌తో ఫొటోలు తీశాడు. ఎందుకు బాబూ అంటే, "బోర్డు మీది సెల్ కూడా మార్చాలి సార్. తీస్తే సెట్టింగులన్నీ పోతాయి. ముందు ఎలా ఉండేదో మన దగ్గరుండాలి కదండీ" అన్నాడు.

సంబరపడ్డాను గానీ, లోపల కాస్త గునిశాను. నాకు చేతిరాత పిచ్చి. పాలవాడి లెక్క దగ్గర్నుంచి పాస్‌వర్డుల దాకా నోటుపుస్తకంలోకి ఎక్కితేనే నాకు నిద్ర. ఫొటో తీసిపారేస్తే బుర్రలో ఏం నిలుస్తుంది?

ఈ అలవాటు తొంభైల్లో మా కంప్యూటర్ సెంటర్ సారు చలవ. 1981 నాటి ఐబీఎం పీసీలో సెట్టింగులంటే బోర్డు మీది బుల్లి స్విచ్చులే. 1984లో పీసీ ఏటీ వచ్చాక అవి బ్యాటరీ దయ మీద బతికే సీమోస్ మెమరీలోకి చేరాయి. అది మొత్తం 64 బైట్లు, అందులో 14 గడియారానికే పోయేవి. బ్యాటరీ చచ్చిందా, మిషన్‌కి తన హార్డ్ డిస్క్ ఏదో తనకే తెలిసేది కాదు. డేటా ఎక్కడికీ పోదు, కానీ సిలిండర్లెన్ని, హెడ్లెన్ని, సెక్టార్లెన్ని అని మనం చెబితే తప్ప దాన్ని అందుకోలేదు. మా సెంటర్లో ఉన్నది సీగేట్ ఎస్‌టీ-251, నలభై ఎంబీ. దాని లెక్క 820, 6, 17. సారు ఆ మూడంకెలూ చీటీ మీద రాసి, క్యాబినెట్ మూత లోపలి వైపు సెల్లోటేపుతో అంటించారు. పక్క సెంటర్ వాళ్లు డిస్క్ పోయిందని గగ్గోలు పెడుతుంటే, మా సారు మూత తీసి చూసి, మూడంకెలు కొట్టి టీకి వెళ్లిపోయేవారు.

ఇప్పటి బయోస్ డిస్కును తనే పోల్చుకుంటుంది. ఇక రాయడానికి ఏముంటుందనుకుంటూ కుర్రాడి ఫొటోలు చూశాను. శాటా మోడ్ దగ్గర ‘రెయిడ్’ అని ఉంది. ఇంట్లో ఉన్నది ఒక్క డిస్కు, దానికి రెయిడ్ దేనికి? కలం పట్టి ఉంటే ఆ లైను నేను దాటేసేవాణ్నే. సెల్ మార్చాక చూస్తే అది ఏహెచ్‌సీఐ అయి కూర్చుంది. విండోస్ నీలం తెర చూపించి, బూట్ డివైజ్ అందడం లేదని మొండికేసింది. అబ్బాయి ఫొటో పెద్దది చేసి చూసి, మళ్లీ రెయిడ్ పెట్టాడు. మిషన్ లేచింది.

చేత్తో రాసేవాడు తనకు ముఖ్యమనిపించిందే రాస్తాడు. కొంప ముంచేది మాత్రం అనిపించనిదే. ఫోన్‌కి ఆ తెలివి లేకపోవడమే మేలైంది. బయోస్ అప్‌డేట్ చేసేవాళ్లకూ ఇదే మాట: సెట్టింగులు అందులోనే ప్రొఫైల్‌గా దాచామని ధీమాగా ఉండకండి, కొత్త వెర్షన్ పాత ప్రొఫైల్‌ను చాలాసార్లు ఒప్పుకోదు.

ఫొటోకీ అందనిది ఒకటుంది. బిట్‌లాకర్ ఉన్న మిషన్లో సెక్యూర్ బూట్ కదిపితే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, అది ఏ బయోస్ పేజీలోనూ కనబడదు. ముందే బయటికి తీసుకుని, ఆ కంప్యూటర్లో కాకుండా వేరే చోట దాచుకోవాలి. రాయకండి, ప్రింట్ తీయండి. నా రాతలో 1కీ 7కీ తేడా మా ఇంట్లోనే ఎవరికీ తెలియదు.