పచ్చి బొంగే పాత్ర

భద్రాచలానికి దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డున ఉంది పర్ణశాల. అక్కడి అడవి దారుల్లో, వెదురు గొట్టంలో కోడిమాంసం కూరి నిప్పుల మీద వండే బొంగు చికెన్ అమ్మే పాకకు పెద్ద హంగులేమీ ఉండవు. ఇంటాయన బొంగులు నరుకుతాడు, ఇంటావిడ మసాలా పట్టిస్తుంది, పిల్లవాడు మంట చూసుకుంటాడు. గిన్నె లేదు, నూనె లేదు. పనితనమంతా వెదురును ఎంచుకోవడంలోనే మొదలవుతుంది.

మన అడవుల్లో వెదురు ఒకటే రకం కాదు. సాధనం వెదురు తరచూ గట్టిగా, గుల్ల లేకుండా ఉంటుంది. కర్రకు బాగుంటుంది గానీ వంటకు పనికిరాదు. లోపల గుల్ల ఉన్న లావుపాటి బొంగు కావాలి, అదీ పచ్చిదే కావాలి. ఎండు బొంగు నిప్పు తగలగానే అంటుకుంటుంది. పచ్చి బొంగు గోడలో నీరుంటుంది. ఆ నీరు ఆవిరైపోయేదాకా గోడ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. పైపొర బొగ్గయినా లోపలి మాంసం మాడకపోవడానికి కారణం అదే.

కోత మరో నేర్పు. ఒక కణుపును అడుగుగా ఉంచి, పై కణుపు కిందుగా కోస్తారు. దాంతో ఒక కొస మూసుకుని, ఒక కొస తెరుచుకున్న గొట్టం వస్తుంది. రెండు కణుపులూ ఉంచేసి మంటలో పెడితే లోపలి గాలి వ్యాకోచించి బొంగు ఢామ్మని పేలుతుంది. మూతికి ఆకులు కుక్కడంలోనూ ఇదే జాగ్రత్త. ఆవిరి లోపల నిలవాలి, ఎక్కువైనప్పుడు సందు చూసుకుని బయటపడాలి. లోహపు మూత బిగిస్తే ఈ వెసులుబాటు ఉండదు.

కోడి ముక్కలకు అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, ఉప్పు, కొత్తిమీర పట్టించి కాసేపు ఉంచుతారు. ఉప్పుకు ముక్కల్లోంచి నీరు ఊరుతుంది. కూరకు కావలసిన తడి అంతా అదే, వేరే నీళ్లు పోయరు. బొంగులో ముక్కలను వదులుగా నింపుతారు. బిగించి కూరితే ఆవిరి తిరగదు, నడుమ ముక్క పచ్చిగా మిగులుతుంది. మసాలా తక్కువగా వేసేవాళ్లే నా లెక్కలో మంచి వంటవాళ్లు. ఘాటు పెరిగితే వెదురు వాసన నాలుకకు అందదు.

ఇక మంట. బొంగును మూతి పైకి ఉండేలా ఏటవాలుగా ఆనిస్తారు. రసం అడుగు కణుపు దగ్గర చేరి, మరిగి, ఆవిరిగా పైముక్కలను తాకి, చల్లబడి మళ్లీ కిందికి జారుతుంది. పిల్లవాడు బొంగును మాటిమాటికీ తిప్పుతూ ఉంటాడు. ఒకే వైపు నిప్పు తగిలితే అక్కడ గోడ ఎండి చిట్లుతుంది, ఆ చీలికలోంచి రసం నిప్పుల పాలవుతుంది. ఆకుపచ్చ రంగు పసుపుకు, పసుపు నలుపుకు మారుతుంది. లోపల ఏం జరుగుతున్నదీ కంటికి కనబడదు. రంగు చూసి, ఆకుల సందులోంచి వచ్చే ఆవిరి వాసన పట్టి, బుడబుడ చప్పుడు విని దించే వేళ పోల్చుకోవాలి. నాటుకోడి అయితే ఇంకాస్త ఓపిక పట్టాలి. ఆ ఆలస్యానికి తగ్గ రుచి అందులో ఉంది.

దించాక ఆకులు లాగి, బొంగును అడ్డాకు విస్తరిలోకి వంచుతారు. ముందు ముక్కలు, చివర్లో అడుగున చిక్కబడిన రసం. ఉల్లిపాయ, నిమ్మచెక్క పక్కన పెడతారు. ముందు నిమ్మ పిండకుండా ఒక ముక్క తిని చూడండి, పచ్చి వెదురు కమ్మదనం విడిగా తెలుస్తుంది. ఒకసారి కాలిన బొంగులో మళ్లీ వండరు. గోడలోని తడి అయిపోయి ఉంటుంది కనుక రెండోసారి పెడితే అదే కట్టెలా మండుతుంది. అందుకే దాన్ని చీల్చి, తర్వాతి బొంగు కింద పొయ్యిలో పెడతారు.