వినదగిన నాలుగు పాటలు

పోయిన సంచికలో త్యాగరాజ కీర్తనల గురించి రాసిన చేత్తోనే ఈసారి హిప్‌హాప్ గురించి రాస్తున్నాను. పెద్దలు కొందరు ముఖం చిట్లించుకుంటారని తెలుసు. మొన్నమొన్నటి దాకా నేనూ ఆ వరసలోనే కూర్చున్నవాణ్ణి. ఆ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది.

కొన్నేళ్ల కిందట మా ఊరి ఉగాది కార్యక్రమానికి అంశాల జాబితా వేస్తుంటే, మా పక్కింటివారి మనవడు వచ్చి ఐదు నిమిషాలు అడిగాడు. తెలుగులో ర్యాప్ రాసుకున్నాను, చెబుతానన్నాడు. "పంచాంగ శ్రవణం జరిగే వేదిక మీద ఆ అరుపులేమిటి నాయనా" అన్నాం. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. కుర్రవాడు మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఆ ఏడే దీపావళికి పట్నంలో తమిళ కుర్రవాళ్ల బృందంతో కలిసి వేదికెక్కాడనీ, జనం ఈలలు వేసి మరీ మెచ్చుకున్నారనీ విన్నాం. పాట తమిళంలో. తెలుగులో రాసుకున్నది ఏమైందో నేను అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

ఆ తర్వాతే నేను ఈ పాటలు వినడం మొదలుపెట్టాను. కొత్తవి రెండు, అంత కొత్తవి కానివి రెండు ఇక్కడ పరిచయం చేస్తాను. ముందుగా, హిప్‌హాప్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు.

1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరం బ్రాంక్స్ ప్రాంతంలో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నెంబరు భవనంలో, ఒక అమ్మాయి బడి తెరిచేలోగా కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టుకుందామని చిన్న విందు పెట్టింది. ఆమె అన్న క్లైవ్ క్యాంబెల్, కూల్ హర్క్ అనే పేరుతో, అక్కడ రికార్డులు వేశాడు. గాత్రం ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే ఆ కాసిని క్షణాలకే జనం ఎగిరి ఆడుతున్నారని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు ప్రతులు రెండు తీసుకుని, రెండు యంత్రాల మీద పెట్టి, ఒకటి అయిపోగానే ఇంకొకటి తిప్పుతూ ఆ డ్రమ్ముల ముక్కనే సాగదీశాడు. ఆ తాళం మీద లయ తప్పకుండా మాటలు పేర్చడమే ర్యాప్.

హర్క్ పుట్టింది జమైకాలోని కింగ్‌స్టన్‌లో. జమైకా అనగానే మనకు గుర్తుకు రావలసింది చెరకు తోట. 1834లో బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది, 1838తో ఆ నీగ్రో కూలీల నిర్బంధ సేవ కూడా ముగిసింది. ఖాళీ అయిన ఆ తోటల్లోకీ, కొత్తగా వేసిన తోటల్లోకీ మన దేశం మనుషులను ఓడలెక్కించి పంపారు. మారిషస్, డెమెరారా, ట్రినిడాడ్, నేటాల్, ఫిజీ, మలయా. జమైకాకే 1845లో మన కూలీల ఓడ చేరింది. కాబట్టి ఈ సంగీతం మనకు బొత్తిగా పరాయిది కాదు. మనకంటే ముందు ఆ లైన్లలో కాపురమున్నవాళ్ల మనవలు పుట్టించినది.

మొదటి పాట మన మలేషియాదే: యోగి బి, నచ్చత్ర బృందం వారి "మడై తిరందు". 2006లో వచ్చిన "వల్లవన్" అనే తమిళ ఆల్బంలోది. యోగి బి అంతకుముందే పొయెటిక్ ఆమో బృందంలో ఉన్నాడు. 1998లో వారి తొలి రికార్డులో ఇంగ్లీషు, మలయ్, తమిళం, కాంటొనీసు వినిపించాయి. తెలుగు లేదు. ఎందుకు లేదని వారిని అడిగే హక్కు మనకు లేదనుకోండి.

"మడై తిరందు" అంటే తూము తెరిచినట్టు అని అర్థం. 1980లో భారతీరాజా తీసిన "నిళల్‌గళ్" చిత్రానికి ఇళయరాజా కూర్చిన పాట అది. సంగీతంలో పైకి రావాలని కలలు కనే ఒక యువకుడి ఉత్సాహం. అప్పుడు దానికి గొంతు ఇచ్చినది మన నెల్లూరు సీమవాడే, కీర్తిశేషులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు. పాతికేళ్ల తర్వాత మలేషియా కుర్రవాళ్లు ఆ పల్లవిని కొక్కెంగా పట్టుకుని మధ్యలో తమ మాటలు పోశారు. ఇళయరాజా పాటలో తంత్రీవాద్యాలు పరుగెత్తుతాయి. వీరి పాటలో ఆ పరుగును కొంచెం బిగించి, కింద బరువైన దరువు పెట్టారు. ముగ్గురు గాయకుల్లో ఎవరి గొంతు ఏదో రెండోసారి వింటే ఇట్టే పోల్చుకోవచ్చు. తమిళంలో వల్లింపు ద్విత్వాక్షరాలు ఎక్కువ గనుక ఒక్కొక్క మాట డప్పు మీద పుల్ల పడ్డట్టు పడుతుంది. ఒక లోపం కూడా చెప్పాలి. తమ గొప్ప తామే చెప్పుకోవడం ఈ కళకు పుట్టుకతో వచ్చిన అలవాటు, ఇక్కడ అది కొంచెం మోతాదు మించింది. అయినా ఈ పాట మద్రాసు సినిమావాళ్లను కూడా కదిలించింది. 2007లో "పొల్లాదవన్" చిత్రానికి యోగి బిని పిలిపించుకున్నారు. పాటలు అక్కడి నుంచి ఇక్కడికి రావడమే చూసిన మన తరానికి ఇది చిన్న విషయం కాదు.

రెండోది "ఎంజాయ్ ఎంజామి". 2021 మార్చిలో విడుదలైంది. రాసి పాడినవాడు అరివు, కలిసి పాడిన అమ్మాయి ధీ, సంగీతం సంతోష్ నారాయణన్. మీ ఇంటి పిల్లల పెళ్లిళ్లలో ఈ పాటకు మీరూ చప్పట్లు కొట్టే ఉంటారు. నేనూ కొట్టాను. ఏం పాడుతున్నారో వినకుండానే కొట్టాను.

అరివు అవ్వ వల్లియమ్మాళ్ సింహళంలోని టీ తోటలలో కూలి చేసిన మనిషి. తరాల తరబడి అక్కడ ఆకు కోసినవాళ్లను లక్షల సంఖ్యలో వెనక్కి పంపేందుకు 1964లో రెండు ప్రభుత్వాలు సంతకాలు చేశాయి. అలా తిరిగి వచ్చినవాళ్లకు వెళ్లిన చోటూ సొంతం కాలేదు, వచ్చిన చోటూ సొంతం కాలేదు. ఆ ముసలమ్మ చెప్పిన కథే ఈ పాటకు విత్తనం. పాట మొదట్లో నేల, నీరు, జీవరాశి అందరిదీ అన్న ఆనందం ఉంటుంది. నడుమ ఒక్కసారిగా గొంతు మారి, చావింట్లో ఆడవాళ్లు పాడే ఒప్పారి ఏడుపులోకి దిగుతుంది. తోటను పెంచిన మనిషికి ఆ తోటలో ఏమీ మిగలలేదన్న గోడు అది. ఆ దిగడమే ఈ పాటకు ప్రాణం. వెంటనే పల్లవి మళ్లీ గంతులు వేస్తూ వచ్చేస్తుంది. సంతోష్ నారాయణన్ అక్కడ ఇంకొక్క నిమిషం ఆగి ఉండవలసిందని నా అభిప్రాయం. పల్లవి అంత ముచ్చటగా ఉండబట్టే లోకమంతా పాకింది, అంత ముచ్చటగా ఉండబట్టే ఏడుపు వినబడకుండానూ పోయింది. దృశ్యచిత్రం కూడా రంగుల మయం. చివరికి వల్లియమ్మాళ్ ముఖం కనబడినప్పుడు మాత్రం ఆ రంగులన్నీ వెలిసిపోయినట్టు అనిపించింది.

"ఎంజామి" అన్న మాట దగ్గర కొంచెం నిలబడదాం. "ఎన్ సామి", అంటే నా సామి. కూలివాడు భూస్వామిని అలా పిలుస్తాడు, అవ్వ మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని కూడా అలాగే పిలుస్తుంది. మన శ్రీకాకుళం, విశాఖ వైపు మాటలో "బాబూ" ఇటువంటిదే కదా! మా నాయనమ్మ తోట ఆఫీసు మెట్ల కింద నిలబడి దొరగారి గుమాస్తాను "బాబూ" అనేది, ఇంటికి వచ్చి నన్నూ "నా బాబే" అనేది. మాట ఒకటే. మెట్ల దగ్గర మెడ వంగేది, ఇంట్లో చేతులు చాచేది. అరివు ఆ రెండింటినీ ఒకే పల్లవిలో పెట్టాడు. ఈ పాటను నేను మొదటి వరసలో నిలబెట్టడానికి ఇదే కారణం.

తర్వాతి కథ అంత అందమైనది కాదు. 2021 ఆగస్టులో ఒక పేరున్న సంగీత పత్రిక భారతీయ ముద్రణ ఈ పాటను ప్రస్తావిస్తూ ముఖచిత్రం వేసింది. అందులో అరివు బొమ్మ లేదు. దర్శకుడు పా. రంజిత్ బహిరంగంగా ప్రశ్నించాడు. 2022 జూలైలో చెన్నై చదరంగ ఒలింపియాడు ప్రారంభోత్సవంలో పాట వినిపించినప్పుడూ అరివు వేదిక మీద లేడు. మాటలూ బాణీ తనవేనని అతను రాశాడు. అతని పేరు తాము ఎక్కడా దాచలేదని మిగతా ఇద్దరూ బదులు చెప్పారు. 2024లో సంతోష్ నారాయణన్, ఈ పాట మీద తమ ముగ్గురికీ పైసా అందలేదని ప్రకటించాడు. ఈ తగువులో తీర్పు చెప్పే స్థానం నాది కాదు. కానీ తోటలో పాడిన పాటకు కూడా చివరికి తోటలో చేసిన పనికి పట్టిన గతే పట్టిందా అని ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మా నాయనమ్మ పాటను మాత్రం ఎవరూ దొంగిలించలేదు. ఎవరూ రాసుకోలేదు గనుక.

మిగిలిన రెండూ ఒకచోటే చెప్పవచ్చు. "బిగ్ డాగ్స్" (2024), "రన్ ఇట్ అప్" (2025). పాడినవాడు హనుమాన్‌కైండ్ అనే మలయాళీ యువకుడు, భాష ఇంగ్లీషు. అయితే రెండింటికీ సంగీతం కట్టినవాడు హైదరాబాదుకు చెందిన కల్మి. "బిగ్ డాగ్స్" అమెరికా బిల్‌బోర్డు మొదటి వంద పాటల పట్టికలోకి ఎక్కింది. తిరునాళ్లలో చెక్కబావి గోడ మీద మోటారు సైకిళ్లు తిప్పే ఆట చూశారా? దృశ్యచిత్రం మొత్తం ఆ బావిలోనే. దరువు కూడా అలాగే గుండ్రంగా తిరుగుతూ, ఎక్కడ జారి పడుతుందో అన్న భయం పెడుతూ సాగుతుంది. మాటల్లో పస తక్కువ, సవాళ్లే ఎక్కువ. "రన్ ఇట్ అప్" నాకు ఇంకా నచ్చింది. కల్మి అందులో కేరళ చెండను నడిపించాడు. చెండ వచ్చి ఇంగ్లీషు ర్యాప్‌కు వంగి సలాం చేయలేదు. ర్యాపే చెండ వేగాన్ని అందుకోవలసి వచ్చింది. మలయాళీ కోసం చెండ పట్టుకున్న తెలుగు కుర్రవాడు ఒకనాటికి తన కోసం డప్పు పట్టుకోకపోతాడా అని ఆశ.

ఇక తెలుగులో ర్యాప్ లేదా అంటే, ఉంది. హైదరాబాదులో రోల్ రైడా మొదలైనవారు తెలంగాణ మాటతీరులోనే పాడుతున్నారు. సినిమాల్లోనూ వస్తోంది. నేను విన్నవాటిలో చాలావాటికి ఒకటే జబ్బు కనబడింది. మన భాష అజంతం. దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. అందువల్ల పాదం చివర ప్రాస కలపడం చిన్నపిల్లల ఆట. "ల్లో, ల్లో" అనీ "స్తా, స్తా" అనీ నాలుగు పాదాలు ముగిస్తే సరిపోయిందనుకుంటారు. ఇంగ్లీషువాడికి అంత్యప్రాస కష్టపడి సంపాదించుకున్నది, మనకు అది ఊరికే దొరికేది. మన పూర్వులు ఆ సంగతి తెలిసే పాదంలో రెండో అక్షరానికి ప్రాస పెట్టారు, నడుమ యతి పెట్టారు. ద్విపద తెలిసినవాడు ర్యాప్ రాస్తే దెబ్బ పాదం మొదట్లోనే పడుతుంది. బుర్రకథ సంగతి చెప్పనే అక్కరలేదు. కథకుడి తంబురా, బొటనవేలి అందెలు, పక్కన వంతల డక్కీలు, ఒకరు రాజకీయం మీద విసురు, ఒకరు హాస్యం. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారి గళం విన్నవారెవరూ ర్యాప్‌ను చూసి బెదరరు. మా ఉగాది వేదిక మీద బుర్రకథకు అరగంట ఇచ్చేవాళ్లం. ఆ కుర్రవాడికి ఐదు నిమిషాలు ఇవ్వలేకపోయాం.

పోయిన నెల ఆ కుర్రవాణ్ణి నేనే వెతుక్కుంటూ వెళ్లాను. ఇప్పుడు పెద్దవాడయ్యాడు, ఉద్యోగం చేస్తున్నాడు. నా దగ్గర పాటేమీ లేదు, మా నాయనమ్మ లెక్క మాత్రం ఉంది. బగాన్ దాతో వైపు కొబ్బరి తోటలో, నేలలో పాతిన ఇనుప మొనకు కాయను గుచ్చి పీచు ఒలిచి కుప్ప వేస్తూ, కంగాణి లెక్క తప్పు రాస్తాడేమోనని తన లెక్క తాను పాడుకునేది. జ్ఞాపకం ఉన్న ఏడు పంక్తులూ చెప్పాను. అతను బల్ల మీద వేళ్లతో దరువు వేస్తూ విన్నాడు. సరిగ్గా సరిపోయింది.

"పుంజీ అంటే ఏమిటి తాతా?" అన్నాడు.

"నాలుగు. నాలుగు కాయలు ఒక పుంజీ."

"మా బీటు కూడా నాలుగే" అని నవ్వి, ఐదో పంక్తిలో ఇంకొక మాటకు అర్థం అడిగాడు. అది నాకూ తెలియదు. తెలుక్ ఇంతాన్‌లో మా చిన్నమ్మ ఇంకా ఉంది, వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి వెళ్లి అడుగుదామనుకున్నాం.