మోచేతి కీలు: ఇబ్నె సీనా వర్ణనపై ఒక విమర్శనాత్మక పరిశీలన

మధ్యయుగపు ముస్లిం వైద్యులను గురించి మనవాళ్ళు వ్రాసే వ్యాసాలు సాధారణంగా రెండు రకాలుగా ఉంటాయి. ఆధునిక శాస్త్రం కనుగొన్నదంతా వారు వెయ్యేళ్ళ క్రితమే చెప్పేశారనేది ఒక రకం. వారు గ్రీకుల పుస్తకాలకు నకళ్ళు తీయడం తప్ప మరేమీ చేయలేదనేది రెండవ రకం. ఈ రెండు రకాల వ్యాసకర్తలకూ ఒక పోలిక ఉంది. ఇద్దరూ అసలు గ్రంథం తెరిచి చూసినవారు కారు. చూడకుండా పొగడడం, చూడకుండా తెగడడం రెండూ విమర్శ అనిపించుకోవు.

అందుకే ఈ వ్యాసంలో పెద్ద మాటల జోలికి పోకుండా ఒక చిన్న భాగాన్ని మాత్రమే తీసుకొని పరిశీలిద్దాం. ఇబ్నె సీనా (980–1037) రచించిన ‘అల్‌ఖానూన్ ఫిత్తిబ్’ మొదటి సంపుటంలో ఎముకల వర్ణన ఉంది. అందులో రెట్ట ఎముకకు, ముంజేతికి, మోచేతి కీలుకు వేర్వేరు ప్రకరణాలు ఉన్నాయి. ఇవి చాలా చిన్నవి. కాని ఆ గ్రంథకర్త బలమూ, బలహీనతా రెండూ వీటిలో స్పష్టంగా కనిపిస్తాయి.

మోచేతినే ఎందుకు ఎన్నుకోవాలి? ఇందుకు రెండు కారణాలున్నాయి. ఒకటి, ఇది వైద్యులకే గాక వుజూ నియమాలను చర్చించిన ధర్మశాస్త్రవేత్తలకు కూడా అవసరమైన అవయవం. రెండవది, కడప జిల్లా చక్రాయపేట వంటి ప్రాంతాల్లో చెట్టు మీదనుంచో మిద్దె మీదనుంచో పడిన పిల్లవానికి ముందుగా దెబ్బతినేది తరచుగా ఈ కీలే. దాన్ని సరిగా ఎరగకపోతే పోయేది ఆ పిల్లవాని చెయ్యి.

గ్రంథంలో ఉన్నది

అరబ్బీలో రెట్ట ఎముకను ‘అజుద్’ అంటారు. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఇది భుజాస్థి. దాని పైకొన గుండ్రంగా ఉండి రెక్క ఎముకలోని లోతులేని గుంటలో వదులుగా అమరి ఉంటుందనీ, ఆ వదులు వల్లనే భుజం తరచుగా తొలగుతుందనీ ఇబ్నె సీనా అంటారు. ఈ మాట అక్షరాలా నిజం. మన శరీరంలోని పెద్ద కీళ్ళలో అన్నిటికన్నా ఎక్కువగా తొలగేది భుజమే. చేతిని అన్ని వైపులకూ తిప్పగలిగే స్వేచ్ఛకు మనం చెల్లించే మూల్యం అది.

భుజాస్థి కింది చివరను వర్ణిస్తూ ఆయన పక్కపక్కన ఉన్న రెండు ఉబ్బులను పేర్కొంటారు. లోపలిది పొడవుగా, సన్నగా ఉంటుంది, దానికి ఏ ఎముకతోనూ కీలు లేదు. వెలుపలిది కీలులో పాలుపంచుకుంటుంది. రెంటికీ నడుమ ఒక గాడి, ఆ గాడికి ముందూ వెనుకా రెండు గుంటలు. చెయ్యి పూర్తిగా చాచినప్పుడు ముంజేతి ఎముక కొన వెనుక గుంటలోకి వచ్చి గోడకు తగిలినట్లు ఆగిపోతుంది. అందువల్లనే మోచెయ్యి వెనుకకు వంగదు.

ముంజేతిలోని రెండు ఎముకలకు ఆయన ‘జంద్’ అనే మాట వాడారు. అరబ్బీలో ఈ మాటకు నిప్పు పుట్టించే కర్ర అనే అర్థం కూడా ఉంది. మన ‘అరణి’ వంటిదన్నమాట. పై జంద్ సన్ననిది, కింది జంద్ లావైనది. కింది జంద్ చివర ఉన్న గాడి, గ్రీకులు వ్రాసే ‘సీన్’ అక్షరం వంటిదని ఆయన పోల్చారు. గ్రీకుల సిగ్మా ఆ కాలంలో రోమన్ ‘సి’ అక్షరంలా వ్రాయబడేది. నేటికీ ఏ వైద్య కళాశాలలోనైనా ఈ ఎముకను చేతికి తీసుకొని చూస్తే ఆ ‘సి’ ఆకారం కొట్టవచ్చినట్లు కనపడుతుంది. భుజాస్థి గాడిని అది కొక్కెంలా పట్టుకొని ఉంటుంది.

పై జంద్ కొన మీద చిన్న పల్లం ఉందనీ, భుజాస్థి వెలుపలి ఉబ్బు అందులో అమరుతుందనీ, అది తిరగడం వల్లనే అరచేతిని పైకీ కిందికీ తిప్పగలుగుతున్నామనీ ఆయన వివరించారు. అనగా మోచేతిలో రెండు వేర్వేరు పనులున్నాయి: ముడవడం–చాచడం ఒకటి, మెలితిప్పడం మరొకటి. తలుపు బందు మొదటిది మాత్రమే చేయగలదు. మోచెయ్యి రెండూ చేస్తుంది. ఈ తేడాను గుర్తించడం ఈ ప్రకరణాల్లోని గొప్ప గుణం.

ఇక్కడ అనువాదకులు పొరబడే చోటు ఒకటి ఉంది. నేటి గ్రంథాలు చేతిని కిందికి వేలాడదీసి, అరచెయ్యి ముందుకు పెట్టి వర్ణిస్తాయి. ఆ భంగిమలో రెండు ఎముకలూ పక్కపక్కన ఉంటాయి, పైనా కిందా అన్నది లేదు. మోచెయ్యి మడిచి బొటనవేలు ఆకాశం వైపు ఉంచితేనే ఒకటి పైన, ఒకటి కింద ఉంటాయి. ఇబ్నె సీనా మాటలను ఈ భంగిమలో చదవాలి. అప్పుడు పై జంద్ అంటే బొటనవేలి వైపు ఎముక, తెలుగు పుస్తకాల్లో రత్ని. కింది జంద్ చిటికెన వేలి వైపు ఎముక, అరత్ని. సంస్కృతంలో అరత్ని అంటే మోచేతి నుంచి చాచిన చిటికెన వేలి కొన వరకు ఉండే కొలత. అరబ్బీలోని ‘జిరా’కు కూడా ముంజెయ్యి, మూర అనే రెండర్థాలున్నాయి. భాషలు వేరైనా కొలబద్ద ఒకటే.

చూసిన చోట, ఊహించిన చోట

ఇంతవరకు మెచ్చుకోదగిన విషయాలు. ఇక లోపాలను చూద్దాం.

ఎముక ఆకారాన్ని చెప్పిన వెంటనే అది అలా ఎందుకుందో చెప్పడం ఇబ్నె సీనా పద్ధతి. ఈ పద్ధతిని ఆయన గ్రీకు వైద్యుడు గాలెన్ నుంచి గ్రహించారు. భుజాస్థి గుండ్రంగా ఉన్నది దెబ్బలకు ఓర్చుకోవడానికట. లోపలికి పల్లంగా, బయటికి ఉబ్బెత్తుగా ఉన్నది కండరాలకు, నరాలకు చాటు ఇవ్వడానికీ, వస్తువులను చంకలో చక్కగా ఇరికించుకోవడానికీ అట. కాని ఆ ఎముక పైసగం మాత్రమే గుండ్రన. కిందికి వచ్చేకొద్దీ అది ముందువెనుకలుగా బల్లపరుపు అవుతుంది. ఆయన చెప్పినంత వంపు కూడా దానికి లేదు. ప్రయోజనం ముందే నిర్ణయించుకున్నందువల్ల ఆకారాన్ని దానికి తగినట్లు సవరించి చూసినట్లయింది.

లోపలి ఉబ్బు విషయంలో ఈ లోపం మరింత స్పష్టం. అది నరాలకు, రక్తనాళాలకు రక్షణగా ఉందని ఆయన అంటారు. వాస్తవానికి మణికట్టును, వేళ్ళను ముడిచే కండరాల్లో చాలా భాగం ఆ ఉబ్బు నుంచే మొదలవుతాయి. ఈ ప్రకరణాల్లో ఆ ప్రస్తావన లేదు. ఇక నరం సంగతి. చిటికెన వేలికి పోయే నరం ఆ ఉబ్బు వెనుకనుంచి చర్మం కిందనే పోతుంది. గడపకో మంచం కోడుకో మోచెయ్యి తగిలితే కరెంటు కొట్టినట్లు చిటికెన వేలి దాకా జివ్వుమనడం ప్రతివారికీ అనుభవమే. రక్షణ అంత గట్టిదైతే ఈ జివ్వుమనడం ఉండదు. చేతికి రక్తం తెచ్చే ప్రధాన ధమనికీ ఆ చాటు లేదు. అది కీలుకు ముందువైపున, ముడత దగ్గర పోతుంది.

ఇలా చెప్పడం పెద్దలను కించపరచడం కాదా అని కొందరికి అనిపించవచ్చు. అబ్దుల్లతీఫ్ బగ్దాదీ (1162–1231) ఉదాహరణ వారికి సమాధానం చెబుతుంది. ఆయన ఈజిప్టులో ఉన్న కాలంలో 1200 ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. కైరో దగ్గరి మఖ్స్ వద్ద గుట్టలుగా పడి ఉన్న అస్థిపంజరాలను ఆయన స్వయంగా పరిశీలించారు. కింది దవడ రెండు ఎముకలని గాలెన్ వ్రాశాడు. బగ్దాదీకి ప్రతి పుర్రెలోనూ అది ఒకే ఎముకగా కనిపించింది. గాలెన్ ఎంత గొప్పవాడైనా కంటి సాక్ష్యం అంతకంటె నమ్మదగినదని ఆయన తేల్చి చెప్పారు. కాబట్టి ఇబ్నె సీనాను ఎముక పక్కన పెట్టి చదవడం పరాయి పద్ధతి కాదు. అది మన సంప్రదాయంలోనిదే.

ధర్మశాస్త్ర చర్చలో మోచెయ్యి

దివ్యఖుర్ఆన్ అల్‌మాయిదా అధ్యాయం 6వ వాక్యంలో వుజూ కోసం చేతులను మోచేతుల వరకు కడగాలనే ఆదేశం ఉంది. ‘వరకు’ అన్నప్పుడు మోచెయ్యి కూడా చేరుతుందా, లేదా? అరబ్బీలోని ‘ఇలా’ లాగే మన ‘వరకు’ కూడా రెండు విధాలా పలుకుతుంది. బస్సు చక్రాయపేట వరకు పోతుందంటే ఊళ్ళోకి పోతుందా, పొలిమేరలో ఆగుతుందా అని అడగవలసే వస్తుంది. హనఫీ పండితులలో ఇమామ్ జుఫర్ మోచెయ్యి చేరదన్నారు. అత్యధిక సంఖ్యాకులు చేరుతుందన్నారు. హజ్రత్ అబూహురైరా (రజి) వుజూ చేస్తూ రెట్ట మొదలు దాకా కడిగారని సహీహ్ ముస్లింలో ఉన్న ఉల్లేఖనం వారికి ఒక ఆధారం.

ధర్మ నిర్ణయానికి దాని ఆధారాలు దానికున్నాయి. శరీరశాస్త్రం ఆ పని చేయదు, చేయరాదు కూడా. కాని ఒక విషయాన్ని అది స్పష్టం చేస్తుంది. మోచెయ్యి గీత గీసినట్లుండే సరిహద్దు కాదు. అరత్ని కొన వెనుకవైపున కీలును దాటి పైకి పోయి భుజాస్థిని పట్టుకొని ఉంటుంది. ముంజెయ్యి ఎక్కడ ముగిసిందో, రెట్ట ఎక్కడ మొదలైందో విడదీసే గీత లేదు. షాఫయీ పండితుడు ఇమామ్ నవవీ (1233–1277) మోచేతి కీలు దగ్గర చెయ్యి తెగిపోయినవాడు భుజాస్థి కొనను కడగాలనే అభిప్రాయాన్ని ప్రసిద్ధమైనదిగా పేర్కొన్నారు. మోచెయ్యి అంటే ముంజేతి మొన మాత్రమే కాదనీ, ఎముకల కలయిక అనీ ఆయన గ్రహించారన్నమాట. మన వాడుకలో మోచెయ్యి అనగానే వెనుక పొడుచుకువచ్చిన మొనను మాత్రమే చూపుతాం. ఆ విషయంలో ఫిఖ్హ్ గ్రంథం మన వాడుక కంటె నిశితంగా ఉంది.

మనకు ఏమి కావాలి?

రాయలసీమలో ఎముక విరిగిందనగానే వినిపించే మాట పుత్తూరు కట్టు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, బట్ట. ఈ విద్యకు ఎంత పేరుందో చెప్పనక్కరలేదు. దీన్ని చూసి ఊరూరా కట్టు కట్టేవారు కూడా ఉన్నారు. వారిలో అందరి నేర్పూ ఒకటి కాదు. కాలి పిక్క ఎముకకు, ముంజేతికి సరిపోయిన కట్టు పిల్లల మోచేతికి సరిపోదని తెలియకపోవడమే అసలు ప్రమాదం.

ఇబ్నె సీనా చెప్పిన రెండు గుంటలను మళ్ళీ తలుచుకుందాం. ఆ రెంటి నడుమ ఎముక పలచని రేకులా ఉంటుంది. కొందరిలో అక్కడ రంధ్రమే ఉంటుంది. పిల్లవాడు చెయ్యి చాచి నేల మీద పడినప్పుడు మోచెయ్యి బిగిసి, అరత్ని కొన వెనుక గుంటలో గట్టిగా తగులుతుంది. ఏ గోడ చేతిని ఆపుతుందని ఆయన వ్రాశారో సరిగ్గా ఆ గోడ దగ్గరే భుజాస్థి విరుగుతుంది. అయిదారేళ్ళ వయసు పిల్లల మోచేతి దెబ్బలలో ఇదే ఎక్కువ. విరిగిన పైముక్క అంచు ముందుకు వచ్చి ప్రధాన ధమనినీ, దాని పక్కనున్న నరాన్నీ నొక్కుతుంది. దానికి తోడు వాపు. ఆ వాపు మీద బిగించి కట్టు కడితే కండరాలకు రక్తం అందదు. కొన్ని గంటల్లోనే అవి చచ్చిపోవడం మొదలై, క్రమంగా ముడుచుకుపోయి వేళ్ళు కొక్కేల్లా నిలిచిపోతాయి. బిగుతు కట్ల వల్ల రక్తం అందక ఈ అంగవైకల్యం వస్తుందని జర్మన్ శస్త్రవైద్యుడు ఫోల్క్‌మన్ 1881లో వివరించాడు.

ఆయన కంటె దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ ముందు అందలూసియాకు చెందిన అబుల్‌ఖాసిం జహ్రావీ తన ‘అత్తస్రీఫ్’ చివరి సంపుటంలో ఎముకల వైద్యాన్ని వివరించారు. ఒక్క పుస్తకమైనా చదవనివారు ఈ వృత్తిలో చేరారని ఆయన వాపోయారు. వాపు భయం తీరేదాకా బద్దలు వేసి బిగించవద్దని హెచ్చరించారు. ఫోల్క్‌మన్ చెప్పినదంతా ఆయన ముందే చెప్పారని నేను అనడం లేదు. అలా అంటే ఈ వ్యాసం మొదట నేను తప్పుపట్టిన పనే చేసినవాణ్ణవుతాను. జహ్రావీకి కారణం పూర్తిగా తెలియదు, హెచ్చరిక తెలుసు. విచారకరమేమంటే, పూర్వీకుల విద్య అనే పేరుతో బిగించి కట్టేవారు పూర్వీకుల ఆ హెచ్చరికనే మరిచిపోయారు.

కనుక చక్రాయపేట మండలంలోనైనా, మరెక్కడైనా, మోచెయ్యి వాచిన పిల్లవాణ్ణి ముందు ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. కట్టు కట్టిన తరువాత వేళ్ళు చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, వేలు చాపబోతే పిల్లవాడు భరించలేక కేకపెట్టినా ఆ కట్టును వెంటనే వదులు చేసి వైద్యుని చేరాలి. తెల్లవారనీ అని ఆగకూడదు.

ఇబ్నె సీనా మోచేతి ప్రకరణాలు నేటి పాఠ్యగ్రంథానికి బదులు కావు. కాని అవి వట్టి నకలు కూడా కావు. ఎముకను వర్ణించిన చోట ఆయన మాట నేటికీ నిలిచింది. ప్రయోజనాన్ని ఊహించిన చోట నిలవలేదు. ఈ రెంటినీ విడదీసి చెప్పగలిగిన విద్యార్థులు మన యునానీ కళాశాలల్లోనూ మదరసాల్లోనూ తయారైననాడు ఆ పెద్దలకు నిజమైన గౌరవం దక్కుతుంది.