బడి ఫోటోలు యెవరి చరిత్ర?

పాత బడుల ఫోటోలనూ ఫిలిములనూ భద్రపరచాలనే మాట యీ మధ్య మన వుపాధ్యాయ మిత్రుల్లో బాగా వినిపిస్తున్నది. మంచిదే. శతజయంతి జరుపుకునే హైస్కూలు ఒక సంచిక వేస్తుంది, అందులో పాత గ్రూపు ఫోటోలు అచ్చవుతాయి. కాని భద్రపరచటమంటే కాగితాన్ని చెదలనుంచి కాపాడటమేనా? ఈ ప్రశ్న తేల్చుకోవటానికి నేను మన జిల్లాలు వదిలి, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు కార్లైల్ పట్టణందాకా పాఠకులను తీసుకుపోక తప్పదు. బడి ఫోటో యెంత పని చెయ్యగలదో ఆ వూరి బడి చరిత్రలో కనిపించినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు.

సైన్యం వాడి వదిలిపెట్టిన బారకుల్లో 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి ఆ బడి పెట్టాడు. అమెరికా ఆదివాసీ తెగల పిల్లలను వందల వేల మైళ్ళనుంచి తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష నోట రానివ్వకుండా కట్టడి చేశారు. 1918లో మూతపడేలోగా దాదాపు 7,800 మంది పిల్లలు అక్కడ వున్నారు. మనిషిని బతకనిచ్చి అతనిలోని ఇండియన్‌ను చంపాలన్నది 1892లో ప్రాట్ బాహాటంగా చాటిన సిద్ధాంతం. సిద్ధాంతం నడవాలంటే ప్రభుత్వం డబ్బివ్వాలి, దాతలు కదలాలి. అక్కడ ఫోటో అక్కరకు వచ్చింది.

ఆ వూళ్ళో స్టూడియో నడిపే జాన్ చోట్ అనే ఫోటోగ్రాఫరు పిల్లలను బడికి వచ్చినప్పుడొకసారీ, కొన్నాళ్ళు పోయాక మరొకసారీ తీశాడు. వాటిని అట్టలకంటించి అమ్మాడు; ప్రాట్ పలుకుబడి గలవాళ్ళకు పంపాడు. వీటిలో నవాహో యువకుడు టామ్ టోర్లినో జంట ఫోటో మిక్కిలి ప్రసిద్ధం. 1882 నాటి దానిలో పొడుగు జుట్టు, చెవిపోగులు, మెళ్ళో హారం, భుజాన కంబళి. 1885 నాటి దానిలో కోటు, టై, దువ్విన క్రాపు. అందరూ బట్టలు చూస్తారు. నేను చర్మం చూడమంటాను. మూడేళ్ళలో మనిషి తెల్లబడ్డాడు! ఆనాటి ప్లేట్లమీద యెరుపు, గోధుమ ఛాయలు నల్లగా పడేవి. వెలుతురు యెదురుగా వేసి, అచ్చు కాస్త పలచన చేస్తే ముఖం మారిపోతుంది. (మన పెళ్ళిచూపుల ఫోటోల స్టూడియోలకు యీ విద్య కొత్తది కాదు.) పౌడరు కూడా రాశారేమోనని అనుమానించిన పరిశోధకులున్నారు. ఏం చేసినా, నాగరికత అంటే తెల్లబడటమేనన్న వాదాన్ని ఒక్క మాట రాయకుండా ఆ జంట ఫోటో నెగ్గించింది. మూడో ఫోటో మాత్రం యెవరూ అమ్మలేదు. 1886లో టోర్లినో తన వాళ్ళ దగ్గరికి తిరిగి వెళ్ళిపోయాడు; అమ్మకానికి ఆ మనిషి అక్కర్లేదు.

ఆ బడి మీద ఒక చిన్న ఫిలిం కూడా మిగిలింది. 1902లో బయోగ్రాఫ్ కంపెనీ హక్కు నమోదు చేసిన యీ ఫిలింలో పిల్లలు వరసలు కట్టి ముద్గరాలు తిప్పుతారు. ఇంగ్లీషులో వాటి పేరు ‘ఇండియన్ క్లబ్స్’. మన తాలింఖానాల్లో పహిల్వాన్లు తిప్పేవే. బ్రిటిషు సైనికాధికారులు యిక్కడ నేర్చి పడమటికి తీసుకుపోయారు. పొరపాటున ఇండియన్లని పేరు పడ్డవాళ్ళ చేతుల్లో అసలు ఇండియా ముద్గరాలు! ఆనాటి నైట్రేటు ఫిలిం నిప్పంటుకుంటే ఆగదు, అంటుకోకపోయినా పొడి అయిపోతుంది. మరి యిది యెలా మిగిలింది? చలనచిత్రాలకు అప్పటికి విడిగా కాపీరైటు చట్టం లేదు. కంపెనీలు ప్రతి బొమ్మనూ కాగితంమీద ముద్రించి ఫోటోల పేరుతో దాఖలు చేసేవి. ఆ కాగితపు చుట్టలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసులో పడి వుండగా, 1950ల్లో వాటిని తిరిగి ఫిలింమీదకు ఎక్కించారు. వ్యాపారి తన సొత్తును కాపాడుకోబోయి, తనకు తెలియకుండానే చరిత్రను కాపాడాడన్న మాట.

ఇంత చెప్పాక ఒక మిత్రుడు అడిగాడు: ఇదంతా పాలకవర్గపు ప్రచార సామగ్రి కదా, తగలబెట్టక దాచటం దేనికి? నేను దీన్ని వొప్పుకోను. ప్రచారం ఫోటోలో వుంటే, దాన్ని పట్టుకునే ఆధారం బడి రిజిస్టర్లలో వుంది. ఈ రెంటినీ విడదీసి, ఫోటోను మాత్రం అందమైన చట్రంలో పెట్టినప్పుడే ప్రాట్ మళ్ళీ గెలుస్తాడు. అదే పట్టణంలోని డికిన్సన్ కాలేజీవాళ్ళు 2013 నుంచి విద్యార్థుల దస్త్రాలనూ ఫోటోలనూ ఒక్కచోట చేర్చి అందరికీ అందుబాటులో పెడుతున్నారు. పిల్లవాడి పేరుతో వెతికితే, యే తెగవాడో, యెప్పుడు వచ్చాడో, యెప్పుడు వెళ్ళాడో, లేదా అక్కడే చనిపోయాడో తెలుస్తుంది. భద్రపరచటమంటే నాకు తెలిసిన అర్థం యిది. ఆ బడి ఆవరణలో పిల్లల సమాధులు 180కి పైగా వుండేవి, కొన్ని రాళ్ళమీద పేరే లేదు. బంధువులూ తెగలూ పట్టుపట్టాక 2017 నుంచి సైన్యం అస్థికలు తిరిగి అప్పగించటం మొదలుపెట్టింది. 2021లో రోజ్‌బడ్ తెగవారి పిల్లలు 9 మంది యిల్లు చేరారు.

మన సంచికల సంగతి చూద్దాం. ముందువరస కుర్చీల్లో ప్రెసిడెంటుగారు, దాతగారు, హెడ్మాస్టరుగారు, అందరికీ పేర్లున్నాయి. వెనక నిలబడ్డవాళ్ళు ‘విద్యార్థులు’. చివరన గంట కొట్టే బంట్రోతు సగం భుజం కనిపిస్తుంది. స్కానింగు చేసేవాళ్ళు దాన్నీ, స్టూడియో పేరూ సంవత్సరమూ వున్న అట్ట అంచునూ కలిపి కత్తిరించేస్తున్నారు. అడ్మిషన్ రిజిస్టరును ఆ ఫోటో పక్కన పెట్టాలని యెవరికీ తోచదు. పెడితే యే కులంవాళ్ళు యే సంవత్సరందాకా ఆ బడిలో అడుగు పెట్టలేదో బయటపడుతుంది.

కార్లైల్ మనకు అంత దూరం కూడా కాదు. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను నిర్బంధించిన సెటిల్‌మెంట్లలో స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ, కావలిని అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపాయి. ఆ కాలపు నివేదికల్లోనో, యెవరి పెట్టెల్లోనో ఆ పిల్లల ఫోటోలు దొరికితే, అచ్చు వెయ్యకముందు వాటిని ఆ వూళ్ళకు తీసుకుపోవాలి. పిల్లల మనుమలు అక్కడున్నారు. వెనక పెన్సిలుతో పేర్లు రాయవలసింది వాళ్ళు చెప్పగా.