మార్పులోని సాక్ష్యము

వివిధ జీవులనుండి లభించిన ఒకే కుటుంబపు ప్రోటీనుల అమైనో ఆమ్ల వరుసలను కంప్యూటరు తెరపై ఒకదాని క్రింద నొకటి పేర్చి, ఆ ప్రోటీను తన కార్యమును ఏ చోట నిర్వర్తించునో ఊహించుట నా నిత్యవృత్తి. తాళపత్ర ప్రతులను ముందుంచుకొని పాఠాంతరములను సరిచూచు పరిష్కర్త శ్రమవంటిదే యిదియును. కోట్ల సంవత్సరముల పరిణామములో తక్కినవన్నియు మారినను తాను మారక నిలిచిన అక్షరమే ప్రాణస్థానమని ఈ విద్యలో మొదట నేర్చు సూత్రము.

క్లోమరసములోని కైమోట్రిప్సిన్ ఇందుకు చక్కని నిదర్శనము. 57వ స్థానమందలి హిస్టిడిన్, 102వ స్థానమందలి ఆస్పార్టిక్ ఆమ్లము, 195వ స్థానమందలి సెరీన్, వరుసలో ఎంతో ఎడముగా నున్నను, గొలుసు ముడుచుకొని రూపము దాల్చునప్పటికి ఒక్కచోట చేరి, ఆహారములోని మాంసకృత్తులను ఛేదించును. దాని జ్ఞాతియైన ట్రిప్సిన్‌లోను ఈ మూడును చెక్కుచెదరక యున్నవి. అయితే గొలుసు భాగములను బంధించు సిస్టీనులును, మలుపులందలి గ్లైసీనులును తరచుగా అట్లే నిలిచియుండును. అవి రూపమును కాపాడునవే కాని ఛేదనక్రియ నెరపునవి కావు. కావున మారనిదెల్ల క్రియాస్థానమనుట తొందరపాటు.

అంతకన్న సూక్ష్మమైన సాక్ష్యము మారిన స్థానములలో నున్నది. 1996లో లిక్టార్జ్, బోర్న్, కోహెన్ అను శాస్త్రజ్ఞులు, ప్రోటీను వంశవృక్షమును శాఖలుగా విభజించి, ఒక్కొక్క శాఖలో స్థిరముగా నుండి శాఖాంతరమున మారు అక్షరములను గుర్తించి, వానిని త్రిపరిమాణ రూపముపై నిలిపి చూచు పద్ధతిని ప్రకటించిరి. 189వ స్థానమున ట్రిప్సిన్‌కు ఆస్పార్టిక్ ఆమ్లము కలదు. దాని ఋణావేశము ధనావేశముగల లైసీన్, ఆర్జినీన్‌లను ఆకర్షించును. అదే చోట సెరీన్ గల కైమోట్రిప్సిన్, వలయాకృతిగల పెద్ద అమైనో ఆమ్లముల నెన్నుకొనును. మారనివానినే వెదకువాడు ఈ స్థానమును త్రోసిపుచ్చును; శాఖలవారీగా చదువువానికి అభిరుచిభేదమునకు మూలము అక్కడనే గోచరించును.

అయినను అంతటితో ముగియలేదు. అంతకు పూర్వమే, 1992లో, హెడ్‌స్ట్రామ్ ప్రభృతులు చూపినదేమనగా: ఆ స్థానమును, దానిచుట్టునున్న కుహరమును మార్చినంతమాత్రమున ట్రిప్సిన్ కైమోట్రిప్సిన్ కాదు, ఆహారాణువును నేరుగా తాకనైన తాకని రెండు ఉపరితల వంపులను గూడ మార్చినప్పుడే ఆ స్వభావము వచ్చును. గణనము ప్రయోగశాలకు ముందుగా పరీక్షింపదగిన అక్షరమును చూపగలదు కాని, గుణమంతయు ఆ యొక్క అక్షరమందే యున్నదని పూచీపడజాలదు. అందుచేతనే నేను ఒక స్థానమును సూచించి పంపునప్పుడెల్ల, అడుగకపోయినను, దాని ఇరుగుపొరుగు వంపుల పట్టికను గూడ జతపరచుచుందును.