పుచ్చు గింజనూ చూపించే ఫొటో

కర్ణాటకలోని పావగడ అంటే బయటివాళ్లకు శనేశ్వర గుడి, 2,050 మెగావాట్ల సోలార్ పార్కు. నాకు మాత్రం చెనక్కాయల వ్యాపారుల దగ్గర ఆన్‌లైన్ పని చూసే కుర్రాళ్లంటే ముచ్చట. 1996లో మొదలైన ఆన్‌లైన్ టోకు బజారు ఇండియామార్ట్‌లో సరుకు పెట్టడం ఎవరికైనా వస్తుంది. కానీ అక్కడ కొనేవాడూ వ్యాపారే, వర్ణనలకు పడడు. ఔన్సుకు 50-60 గింజలా, 60-70నా? తేమ ఎంత? అఫ్లటాక్సిన్ (బూజు విషం) పరీక్ష చేయించారా? అవే అడుగుతాడు. అందుకే పనితెలిసినవాడు గింజల్ని అరచేతిలో పోసి, పగటి వెలుతురులో, పుచ్చుది ఉంటే అదీ కనిపించేలా ఫొటో తీస్తాడు. వాట్సాప్‌లో ధర పక్కనే అది ఎన్నాళ్లు చెల్లుతుందో రాస్తాడు. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో కన్నడ, ఫోన్లో వచ్చీరాని హిందీ (వ్యాకరణం సంగతి వదిలేద్దాం). లోనావలా చిక్కీవాళ్లు అడిగిన రకం తన దగ్గర లేకపోతే, పక్క కొట్టు నంబరు ఇచ్చేస్తాడు.