అభిమాని వాదనకు కావలసిన కొలబద్ద

ఒక దర్శకుడు తీసిన సినిమాల్లో ఏది గొప్పది అన్న ప్రశ్న పైకి కాలక్షేపంలా కనిపించినా, దానికి ఓపికగా జవాబు చెప్పడానికి పూనుకున్న అభిమాని తెలిసో తెలియకో విమర్శకుడి పనే చేస్తాడు. ఇష్టం అన్న మాట దగ్గర ఆగిపోకుండా, ఆ ఇష్టానికి కారణమేమిటో ఎదుటివారు ఒప్పుకొనేలా చెప్పాలంటే, సన్నివేశాన్ని గుర్తు చేసుకోవాలి, నటుడు ఎక్కడ ఆగాడో, ఎవరి మాటకు ఎవరు అడ్డుపడ్డారో చూపించాలి, చివరికి గొప్పదనాన్ని తాను దేనితో కొలుస్తున్నాడో బయటపెట్టాలి. హాస్య చిత్రాల విషయంలో ఈ పని మరింత కష్టమవుతుంది. నవ్వు వచ్చిందా లేదా అన్నది క్షణంలో తేలిపోతుంది గనుక ఆ నవ్వునే తుది తీర్పుగా భావించే ప్రమాదం ఉంది. బాగా నవ్వించిన సినిమా, బాగా కుదిరిన సినిమా అన్ని వేళలా ఒకటే కానక్కరలేదన్న ఎరుక లేనప్పుడు, ఎంతసేపు సాగినా ఆ వాదన ఇష్టాయిష్టాల జాబితాగానే మిగిలిపోతుంది.

ఈ సంగతిని పరిశీలించడానికి తెలుగులో తరుణ్ భాస్కర్ సినిమాలు మంచి ఆధారం. ఆయన దర్శకత్వం వహించిన ‘పెళ్లి చూపులు’ 2016 జూలైలోనూ, ‘ఈ నగరానికి ఏమైంది?’ 2018 జూన్‌లోనూ, ‘కీడా కోలా’ 2023 నవంబరులోనూ విడుదలయ్యాయి. పెద్ద తారల మార్కెట్టును గాక కథను, కొత్త నటులను నమ్ముకొని తక్కువ ఖర్చుతో తీసే సినిమాను స్వతంత్ర చిత్రం అంటారు. ‘పెళ్లి చూపులు’ అచ్చంగా ఆ కోవలోనిది. రెండో సినిమాను సురేశ్ ప్రొడక్షన్స్ వంటి పెద్ద సంస్థ నిర్మించినప్పటికీ, నటీనటుల ఎంపికలోనూ కథ నడకలోనూ అది స్వతంత్ర చిత్రం పద్ధతినే పాటించింది. ఈ దర్శకుడి అభిమానుల్లో వాదన ప్రధానంగా మొదటి రెండు సినిమాల మధ్యే నడుస్తోంది.

ఈ వాదనకు ఒక నేపథ్యం ఉంది. తెలుగు వ్యాపార చిత్రాల్లో చాలాకాలం ‘కామెడీ ట్రాక్’ అనే ఏర్పాటు కొనసాగింది. నాయకుడి కథ ఒక దారిన పోతుంటే, హాస్యనటులు వేరే దారిలో కొన్ని సన్నివేశాలు నడుపుతారు. ఆ సన్నివేశాలను తీసేసినా కథకు నష్టం రాదు. దీనికి భిన్నంగా నవ్వును ప్రధాన పాత్రల స్వభావంలోంచే పుట్టించిన జంధ్యాల వంటి దర్శకులు మునుపే ఉన్నారు. తరుణ్ భాస్కర్ ఆ దారిలోనే నడుస్తూ, ఇప్పటి హైదరాబాదు యువకుల మాటతీరును, తెలుగు, ఇంగ్లీషు, హిందీ కలగలిసి ఒక వాక్యంలోంచి మరో వాక్యంలోకి జారిపోయే ఆ సంభాషణను, తెర మీదికి యథాతథంగా తెచ్చారు. ఆయన సినిమాల్లో నవ్వు కథలోంచే వస్తుంది గనుక, ఆ నవ్వు కథకు ఏం చేసిపెడుతోంది అన్న ప్రశ్నే వాటికి తగిన కొలబద్ద.

‘పెళ్లి చూపులు’ పక్షాన నిలబడేవారికి ఈ కొలత ప్రకారం బలమైన ఆధారం సినిమా ఆరంభంలోనే దొరుకుతుంది. పెళ్లి చూపులకు వచ్చిన ప్రశాంత్, ఆ ఇంటి అమ్మాయి చిత్ర ఒక గదిలో మాట్లాడుకుంటుండగా తలుపు పట్టేసి ఎంతకీ తెరుచుకోదు. బయట పెద్దలు హడావుడి పడుతుంటే, లోపల ఉన్న ఇద్దరికీ ఒకరి గతం ఒకరికి చెప్పుకోవడం తప్ప వేరే పని ఉండదు. ఇంజనీరింగ్ చదివినా వంట మీదే మనసున్న యువకుడు, ఫుడ్ ట్రక్ నడపాలన్న పట్టుదల ఉన్న యువతి ఒకరికొకరు ఇలా పరిచయమవుతారు. చివరికి మగపెళ్లివారు అసలు వెళ్లవలసిన ఇల్లు అది కాదని తేలుతుంది. పట్టేసిన తలుపు, తప్పిన చిరునామా రెండూ నవ్వు పుట్టించేవే. అయితే ఆ నవ్వు చల్లారేసరికి కథకు కావలసిన సమాచారమంతా ప్రేక్షకుడికి అందిపోయి ఉంటుంది. పెళ్లి లెక్కలు పక్కకు తొలగి, వ్యాపార భాగస్వామ్యానికి దారి తెరుచుకుంటుంది. ఒక్క హాస్య సందర్భంతో ఇన్ని పనులు చేయించడం ఆషామాషీ విషయం కాదు.

ఈ సహజత్వానికి సాంకేతికంగా ఊతమిచ్చినది సింక్ సౌండ్, అంటే నటుల మాటలను తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెప్పించకుండా చిత్రీకరణ జరుగుతున్నప్పుడే రికార్డు చేసే పద్ధతి. డబ్బింగులో ప్రతి మాటా పెదవుల కదలికకు సరిపోయేలా శుభ్రంగా పలకవలసి వస్తుంది. సింక్ సౌండులో తడబాటు, సణుగుడు, ఒకరి మాట మీద మరొకరి మాట పడడం అలాగే నిలిచిపోతాయి. నటుడు ప్రియదర్శికి ఈ సినిమాతో వచ్చిన గుర్తింపులో అతని విరుపులకూ విసుగుకూ ఎంత వాటా ఉందో, వాటిని చెడగొట్టకుండా పట్టి ఉంచిన ఈ పద్ధతికీ అంత వాటా ఉంది. 64వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రం పురస్కారంతో పాటు ఉత్తమ సంభాషణల పురస్కారం కూడా ఈ సినిమాకే దక్కడం ఈ పక్షం వారు గర్వంగా ఎత్తిచూపే విషయం.

‘ఈ నగరానికి ఏమైంది?’ అభిమానుల ఆధారాలు వేరు. విడుదల తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ ఈ సినిమాకు ఆదరణ పెరుగుతూ వచ్చింది. 2023 జూన్‌లో మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు, ప్రతి మాటా కంఠతా వచ్చిన యువకులు నటులతో పాటు సంభాషణలు చెబుతూ చూశారు. ఒకప్పుడు షార్ట్ ఫిల్ములు తీయాలని కలగన్న నలుగురు స్నేహితులు వివేక్, కార్తిక్, కౌశిక్, ఉప్పు తలో దిక్కూ చెదిరిపోయి, మళ్లీ ఒకచోట కలిసి, తాగిన మత్తులో గోవా చేరుకొని, అక్కడ ఎదురైన అవసరం కొద్దీ మళ్లీ కెమెరా పట్టుకోవడమే ఇందులోని కథ. కట్టుదిట్టమైన కథనాన్ని ఆశించేవారికి ఇది వదులుగా కనిపిస్తుంది. దాని అభిమానులు మాత్రం ఫలానా మాట, ఫలానా చూపు, ఫలానా తిట్టు అంటూ ముక్కలు ముక్కలుగా గుర్తు చేసుకొని, ఇంతగా నవ్వించిన సినిమా మరొకటి లేదంటారు.

వారి తీర్పు సరైనదే గానీ, దానికి వారు చూపే కారణం సరిపోదు. ఈ సినిమా పేరు థియేటర్లలో ప్రదర్శన ముందు వచ్చే పొగాకు వ్యతిరేక ప్రకటనలోంచి తీసుకున్నది. ఆ హెచ్చరికను వినీ వినీ ప్రేక్షకులు హాస్యంగా మార్చుకున్నారు. సినిమా కూడా మద్యం విషయంలో అదే స్థితిని పట్టుకుంది. తాగి ఒకరినొకరు ఆట పట్టించుకునే స్నేహితుల సన్నివేశాలు ఎంత నవ్విస్తాయో, అదే మద్యం ప్రేయసి శిల్పతో విడిపోయిన వివేక్‌ను ఎంతగా కుంగదీసిందో సినిమా పక్కపక్కనే చూపిస్తుంది. స్నేహితులు జోకులు వేస్తున్నంతసేపూ వారి మధ్య కూర్చున్నది జబ్బుపడిన మనిషి. అతని కటువుదనం మొదట నవ్వు తెప్పిస్తుంది. కారణం తెలిశాక అదే కటువుదనం బాధ కలిగిస్తుంది. నిమిషం నిడివి వీడియో ముక్కగానో మీమ్‌గానో కత్తిరించినప్పుడు ఆ సన్నివేశంలో నవ్వు మాత్రమే మిగిలి, రెండో సగం ఊడిపోతుంది. అభిమానులు ప్రేమతోనే చేసిన ఈ కత్తిరింపు, తమ అభిమాన చిత్రంలోని అసలు బలాన్ని తామే దాచిపెట్టినట్లయింది.

ఈ తీర్పుకు ఎదురయ్యే అభ్యంతరాన్ని దాటవేయకూడదు. ‘పెళ్లి చూపులు’లో రీతూ వర్మ పోషించిన చిత్రకు సొంత ఆశయం, సొంత గతం, సొంత పొరపాట్లు ఉన్నాయి, కథను ముందుకు నడిపేది ఆమే. రెండో సినిమాలోని స్త్రీ పాత్రలకు అంత చోటు దొరకలేదు. మగవారి గాయానికో కోలుకోవడానికో కారణాలుగానే వారు ఎక్కువగా కనిపిస్తారు. ఇది చిన్న లోపం కాదు, ఈ విషయంలో మొదటి సినిమాదే పైచేయి. అయితే ‘పెళ్లి చూపులు’ నిర్మాణ సౌష్ఠవం వెనుక, పొసగని ఇద్దరు కలిసి పనిచేస్తూ దగ్గరవడమనే చిరపరిచితమైన ప్రేమకథా చట్రం ఉంది. హిందీలో ‘మిత్రోం’గా, తమిళంలో ‘ఓ మణపెణ్ణే’గా ఆ కథను మళ్లీ తీయడానికి వీలైనది ఆ చట్రం గట్టిదనం వల్లనే. రెండో సినిమాకు అలాంటి ఊతకర్ర లేదు. ఓడిపోయామనుకున్న నలుగురు యువకుల మాటలే దానికి నిర్మాణం. ఆ మాటల్లోని వేళాకోళమే వారి దిగులుకు ముసుగు. కొత్త దారిని వెతుక్కుంటూ వెళ్లి గమ్యం చేరిన సినిమా కాబట్టే, లోపాలున్నా దానిదే అగ్రస్థానం.

మూడో చిత్రం ‘కీడా కోలా’ కూడా ఈ కొలతను బలపరుస్తుంది. కూల్‌డ్రింక్ సీసాలో కనిపించిన బొద్దింకను అడ్డం పెట్టుకొని కంపెనీ నుంచి డబ్బు గుంజాలనుకునే మనుషుల కథ అది. చక్రాల కుర్చీలో కూర్చున్న తాతగా బ్రహ్మానందం మొదలు, దర్శకుడే పోషించిన నాయుడు పాత్ర వరకు నవ్వించే మనుషులకు అందులో కొదవ లేదు. కానీ అక్కడి నవ్వు పథకాన్ని నడిపినంతగా మనిషిని మార్చదు. చూస్తున్నంతసేపు వినోదం కలిగించే ఆ సినిమా పేరు ఈ పోటీలో అంతగా వినిపించకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

కాబట్టి ఇలాంటి వాదనలు ఆగిపోవాలని కోరుకోవలసిన అవసరం లేదు. అవి మరింత శ్రద్ధగా సాగాలని కోరుకోవాలి. అవార్డుల జ్యూరీలు, వసూళ్ల పట్టికలు విడుదలైన ఏడాదికి సంబంధించిన తీర్పులు మాత్రమే చెప్పగలవు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూస్తూ, స్నేహితులతో తగవు పడుతూ ఒక సినిమాను బతికించుకొనేది అభిమానులే గనుక, ఆ సినిమాను ముక్కలుగా గాక మొత్తంగా నిలబెట్టే బాధ్యత కూడా వారిదే. తనకు నచ్చిన సన్నివేశాన్ని చెప్పిన వెంటనే దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం మారింది అన్నది కూడా చెప్పగలిగినవాడి మాటకే ఈ వాదనలో విలువ ఇవ్వాలి. ఆ నియమం పాటిస్తే చాలు, టీ బండి దగ్గర జరిగే తగవు కూడా మంచి విమర్శే అవుతుంది.